సునంద మొక్కని మొక్కు

కోరుట్లలో భాస్కర్ రావు ఇంట్లో పొద్దున్నే ఎవరికి ఏది కనబడకపోయినా పిలుపు మాత్రం వంటింటికే వస్తుంది.

"మమ్మీ, నా బెల్టేది?" పడకగదిలోంచి రిత్విక్ అరిచాడు.

"తలుపెనుక కొక్కానికున్నది."

"సునందా, దుకాణం తాళాలు?" భాస్కర్ రావు గొంతు.

"నిన్నటి షర్టు జేబుల చూడున్రి."

పెనం ముందు నుంచి కదలకుండానే సునంద జవాబులు చెబుతోంది. అత్తగారు సరోజన షుగరు గోళీ వేసుకునే వేళయిందని, ఇవాళ నల్లా నీళ్లు వస్తాయని, కూతురు నవ్య రికార్డు బుక్కు ఇంకా పూర్తి కాలేదని ఆమెకు గుర్తుంది. ఇవన్నీ ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఎవరికీ పట్టకపోతే వచ్చి ఆమె తలలో చేరాయి. చేసేవాళ్లు లేరని కాదు. అంట్లకు కొమురవ్వ వస్తుంది, కూరగాయలు భాస్కర్ రావు తెస్తాడు. ఏ కూరగాయలో మాత్రం సునంద చెప్పాలి. కొమురవ్వ రాకపోతే ఆ సంగతీ సునందే చూసుకోవాలి.

కొన్ని నెలలుగా పడుకున్నా ఆమెకు నిద్ర పట్టడం లేదు. ఒంట్లో చేతకావడం లేదని భర్తకు చెప్పింది కూడా. "మధ్యాహ్నం కాసేపు ఒరుగరాదు" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఎక్కడ దొరుకుతుందో మహానుభావుడు చెప్పలేదు.

అందుకే ఆ రోజు సునంద అబద్ధమాడింది. వేములవాడ రాజన్న గుడిలో ఒక రాత్రి నిద్ర చేస్తానని మొక్కుకోవడం ఆ వైపు ఇళ్లలో మామూలే. పుట్టింటికి పోతానంటే సవాలక్ష ప్రశ్నలు వేసేవాళ్లు కూడా మొక్కంటే నోరెత్తరు.

"ఆదివారం ఎములాడ పోత," అంది దోసె తిప్పుతూ. "నిద్ర మొక్కున్నది. ఒక్కదాన్నే పోయస్త."

"మొక్కంటే ఒక్కదానివే పోతవా? ఇంటిల్లిపాది పోవాలె," అన్నాడు భాస్కర్ రావు. "అందరం పోదాం. గుళ్లె కోడె మొక్కు గూడ కట్టేసి వద్దాం."

"రాజన్నను చూడక మస్తు రోజులైంది," అంది సరోజన.

"డాడీ, లాడ్జిల ఏసీ రూమ్ తీసుకుందాం," అంది నవ్య.

సునంద దోసెను పళ్లెంలోకి తీసింది. దేవుడి పేరు చెప్పి అడిగాక, దేవుడి దగ్గరికి రావద్దని ఎవరితో అంటుంది?

ఆదివారం అందరికంటే ముందు లేచి పులిహోర కలిపింది, అందరి బట్టలూ సర్దింది. కారు కథలాపూర్ దాటినా గ్యాస్ కట్టేశానా లేదా అనే ఆలోచన ఆమెను వదల్లేదు.

"ఇయ్యాల నీకు రెస్టే గదా," అన్నాడు భాస్కర్ రావు ప్రేమగానే. ఆమె కిటికీ వైపు తిరిగింది.

మధ్యాహ్నం లాడ్జి గదిలో పులిహోర వడ్డిస్తుంటే సరోజన చేయి చాపింది. "బిడ్డా, నా గోళీ."

సునంద ఒక సంచి వెతికింది. ఇంకో సంచి బోర్లించింది. గోళీల డబ్బా కోరుట్లలో ఫ్రిజ్ మీదే ఉండిపోయింది.

"ఎట్ల మర్చిపోయినవ్ మమ్మీ?" అంది నవ్య.

"నువ్వెప్పుడు మర్చిపోవు గదా," అన్నాడు భాస్కర్ రావు. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే. ఆ ఆశ్చర్యానికే సునంద ఒళ్లు మండింది.

"ఎందుకు మర్చిపోవద్దు? గోళీలు మీ అమ్మయి. కారు నడిపింది మీరు. సంచి మోసింది నవ్య. మర్చిపోయింది మాత్రం నేనొక్కదాన్నేనా?"

"గోళీలకు గింత లొల్లెందుకు? కిందనే మెడికల్ షాపున్నది, తెస్త. ఏం గోళీలో చెప్పు."

సునంద నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. "చూసిన్రా? అది గూడ నేనే చెప్పాలె."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు ఏ మొక్కూ లేదు. దొంగ మొక్కు. నన్నెవ్వలు ఏమడగని జాగల ఒక్క పూట పండుకుందామని గిట్ల చెప్పిన. దవాఖాన్ల పడ్డా మంచిగుండు అనిపిస్తున్నది నాకు. గప్పుడన్న పండనిస్తరు గదా."

భాస్కర్ రావు మంచం అంచున కూలబడ్డాడు. "ఒక్కమాట చెప్పకపోతివి."

"చెప్పిన. మధ్యాహ్నం ఒరుగుమన్నరు."

రిత్విక్ తల్లి వైపు చూడలేక చేతిలో పళ్లెం కింద పెట్టాడు. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న సరోజన లేచింది.

"పిల్లలను తీస్కొని గుడికి పో భాస్కరా. గోళీల పేర్లు డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కో. నా కొడుకువు నువ్వు, ఈమె కాదు."

వాళ్లు వెళ్లాక ఆమె పరదా లాగి, కోడలి పక్కన కూర్చుంది.

"నేను గూడ మొక్కిన బిడ్డా, గిసొంటి దొంగ మొక్కు. మీ మామ ఇంటిల్లిపాదిని బస్సెక్కించిండు. ఈడ మూడు రాళ్లు పెట్టి అందరికి వండిపెట్టిన. కన్ను మూయలే."

సునంద ఆమె ముఖంలోకి చూసింది. "మరి అన్నీ తెలిసి గూడ మా ఎంట ఎట్లచ్చిన్రత్తమ్మా?"

సరోజన కళ్లు నిండాయి. "మర్చిపోయిన. నువ్వు కోడలివై వచ్చినంక నాకు నిద్ర పట్టింది. అన్నీ నువ్వే చూసుకుంటివి. నేను మర్చిపోయిన."

సునంద గోడ వైపు తిరిగి పడుకుంది. సరోజన చేయి ఆమె నుదుటి మీద ఆగింది.

సునంద ఫోన్ మోగితే సరోజనే ఎత్తింది. నవ్య గొంతు గదంతా వినిపించింది. "నానమ్మా, మమ్మీకియ్యి. పూజకు తమ్ముని నక్షత్రం అడుగుతున్నరు. డాడీకి తెల్వదట."

"నాకు తెల్వది. మీ అమ్మకు గూడ ఇయ్యాల తెల్వదు. పేరొక్కటి చెప్పున్రి, రాజన్నకు అన్నీ తెలుసు." సరోజన ఫోన్ కట్టేసింది.

ఉత్తర, మూడో పాదం. సునంద నాలుక చివరికి వచ్చేసింది. దాని వెనకే రిత్విక్ పుట్టిన వేళ, నవ్య నక్షత్రం, రేపటి పాలు, గ్యాస్ అన్నీ బారులు తీరాయి. ఆమె పెదవులు గట్టిగా బిగించింది. కన్నీళ్లకు దిండు తడుస్తోంది.

నిద్ర రాలేదు. కానీ చెప్పలేదు.