ఊడ్చిన గూడు

బోనకల్ రైల్వే స్టేషన్‌లో సాయంత్రం నాలుగు గంటలకు పవన్ గోలీసోడా తాగాడు. నాలుగూ రెండు నిమిషాలకు చచ్చిపోయాడు.

వడదెబ్బ అనుకున్నారు అందరూ. పాపం, మిర్చి బస్తాల మీద కూర్చున్న ఒకావిడ తన సీసాలో నీళ్ళన్నీ అతని మొహం మీద కుమ్మరించింది కూడా. సోడా అమ్మినవాడు మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా పట్టాలు దాటి వెళ్ళిపోయాడు. ఆ తరువాత కానిస్టేబుల్ వచ్చి పవన్ గుప్పిట విప్పితే అందులో ఒక ఇత్తడి టోకెన్ ఉంది. ఒకవైపు 7 అంకె. రెండోవైపు గోరుతో గీకిన అక్షరాలు: "రేపు 11".

పొద్దు గూకకముందే ఆ టోకెన్ కూసుమంచి చేరింది. అక్కడ గణపేశ్వరాలయం ముందు చెప్పుల స్టాండు కాసే ముసలాయన పేరు బసవపున్నయ్య. మోకాళ్ళ నొప్పులు, మాసిన తువాలు, ఎప్పుడూ సణుగుడు. ఆయన దేశ గూఢచారి శాఖలో పెద్ద అధికారి అని చెబితే ఆయన కాళ్ళకు మందు రాసే భార్యే నమ్మదు.

"ఏమయ్యా రూప్‌సింగ్, చెప్పులు విప్పు," అన్నాడాయన, ఎదుట నిలబడ్డ యువకుడితో. బసవపున్నయ్యది మధిర వైపు మాట. "విప్పితేనే మాట్లాడతాను. చూసేవాళ్ళుంటారు."

ఏజెంట్ రూప్‌సింగ్ చెప్పులు విప్పాడు. ఇల్లందు దగ్గరి తండాలో పుట్టిన కుర్రాడు. ఏ వేషం వేసినా అతికినట్టుంటాడు. తండాలో వాళ్ళమ్మ ఇప్పటికీ కొడుకు ఏసీలు రిపేరు చేస్తాడనే అనుకుంటోంది.

"ఈ ర్యాకు చూశావా?" అన్నాడు బసవపున్నయ్య. "ర్యాకు ఒకటే, గూళ్ళు ముప్పై. ఎవరి చెప్పులు వాళ్ళ గూట్లో. ఖమ్మంలో కిన్నెర అని ఒక ఏపీఐ ప్లాట్‌ఫాం ఉంది, రకరకాల సంస్థల కంప్యూటర్ పనులు నడిపే చోటు. అక్కడా ఇంతే. కుబర్నెటీస్ క్లస్టర్ అని కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు ఒకటే, అందులో ఏడు సంస్థల కాపురం. ఎవరి గూడు వాళ్ళది. ఇంజినీర్లు దాన్ని నేమ్‌స్పేస్ అంటారు."

"ఏడో గూడు ఎవరిది సార్?"

"బ్లూహెరాన్ అగ్రి. కొత్తగా చేరారు. పైకి పంటల యాప్. లోపల విదేశీ ముఠా. దాని నాయకుడు వోల్కర్. పిట్టల ఫొటోలు తీసుకుంటానని మన అడవుల్లో తిరుగుతున్నాడు. తెలుగు మనకంటే బాగా వచ్చు వాడికి. రేపు పదకొండింటికి పక్కవాళ్ళ గూళ్ళలో ఒకదాన్ని చంపి చూపిస్తాడు. చూసి కొనుక్కోవడానికి నాలుగు దేశాల బేరగాళ్ళు ఆన్‌లైన్‌లో కూర్చుంటారు."

"ఏ గూడు?"

"అది చెప్పడానికే వస్తూ పవన్ పోయాడు." బసవపున్నయ్య తువాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట ఒక్కటే కాదు. "ముఠా లోపల మన మనిషి ఒకరున్నారు. ఆ మొహం పవన్‌కు ఒక్కడికే తెలుసు. 'చెప్పులెక్కడ విడిచారు' అని అడుగు. 'టోకెన్ పోయింది' అంటే మనవాళ్ళు."

* * *

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఖమ్మంలో, వైరా రోడ్డు మీద మూడంతస్తుల భవనంలోకి ఏసీ మెకానిక్‌గా వెళ్ళాడు రూప్‌సింగ్. కిన్నెర క్లస్టర్‌ను చూసుకునే ఇంజినీర్ నాగలక్ష్మి. అడవి పల్లె పిల్ల. ఇల్లందు దాటి పదిహేను కిలోమీటర్లు లోపలికి పోతే ఊట్లగూడెం, అదే ఆమె ఊరు. కోయల గూడెం నుంచి వచ్చి ఇంత పెద్ద కొలువు చేస్తోందని ఆ చుట్టుపక్కల చెప్పుకోని ఇల్లు లేదు.

రూప్‌సింగ్ తానెవరో, వచ్చిన పనేమిటో ఆమెకు చెప్పాడు.

"తప్పు నాదే సార్," అంది నాగలక్ష్మి. "గూళ్ళకు పేర్లు పెట్టిన గని, నడుమ గోడలు పెట్టలే. కుబర్నెటీస్‌ల నేమ్‌స్పేస్ అంటే పేరే. గోడ గావాలంటే నెట్‌వర్క్ పాలసీ అని మనమే వేరే రాసుకోవాలె. మా ఊళ్ళె ఇప్పచెట్లకు కంచె ఉండదు సార్. చెట్టుకింద ఊడ్చి పెడితే చాలు, ఇంకొకలు ఒక్క పువ్వు ఏరరు. నేను గట్లనే అనుకున్న."

"ఏడో గూడు పీకేస్తే?"

"ఈపాటికి వాళ్ళ ప్రోగ్రాం కాపీలు ఏ గూట్ల దాచిండ్రో ఏమో. క్లస్టరే ఆపుదమంటే అంబులెన్సులు ఆగుతయ్, రక్తనిధి ఆగుతది, తాగునీళ్ళ పంపులు ఆగుతయ్, బస్సులు, మిర్చి రేట్లు..." ఆమె తెర మీద ఆరో గూడు చూపించింది. "బొగ్గు గని గ్యాస్ అలారం గూడ."

"ఇప్పుడు గోడలు కట్టు మరి."

"ఏ గూటి తలుపు ఎవరెవరు తడుతరో చూసి కట్టాలె సార్. తప్పు కడితే అంబులెన్సు ఫోనే ఆగుతది. పదకొండు లోపల ఒక్కదానికే టైముంది. ఒక్క గోడ కట్టిన్నని తెలిసినా, గని ఖాళీ చేసిండ్రని తెలిసినా వాళ్ళు ఇంకో గూటి మీద పడుతరు."

"ఒక్కటే అయితే ఏది? ఊహించి చెప్పు."

నాగలక్ష్మి తల అడ్డంగా ఊపింది. "నన్ను అడగకు సార్. మా తమ్ముడు వీరబాబు గనిల పన్జేస్తడు. ఇయ్యాల ఫస్ట్ షిఫ్ట్. నూట నలభై మంది దిగిండ్రు. నా మనసుకు గనే అనిపిస్తది. అంబులెన్సుల ఉన్నోడు గూడ ఎవరికో తమ్ముడే గద."



అప్పుడే ఆమె ఫోన్ మోగింది. అవతల ఆమె తల్లి భీమక్క. స్పీకర్ పెట్టనవసరం లేకుండానే గది అంతా వినబడింది.

"బిడ్డా, ఎవడో తెల్లోడు మన ఇప్పచెట్టు కింద జీపు పెట్టిండే! నిన్ననే ఊడ్చి పెట్టుకున్న. పువ్వంత చక్రాల కింద బడి పచ్చడైంది. పొమ్మంటే నవ్వుతుండు!"

నాగలక్ష్మి మొహం పాలిపోయింది. ఇంటి నుంచి పని చేసుకోవడానికి తల్లి దగ్గర ఒక వైఫై డబ్బా పెట్టింది ఆమె. అన్ని గూళ్ళనూ నడిపే కిన్నెర అడ్మిన్ తలుపు రెండే చోట్ల నుంచి తెరుచుకుంటుంది: ఈ ఆఫీసు నుంచి, ఆ డబ్బా నుంచి. ఆ ఇప్పచెట్టు ఇంటికి ముప్పై గజాలు కూడా ఉండదు.

"వాడు మీ ఇంటి తలుపు దగ్గరే కూర్చున్నాడన్నమాట," అన్నాడు రూప్‌సింగ్, హెల్మెట్ అందుకుంటూ.

* * *

పది గంటలు దాటాక ఇప్పపువ్వు కొనే బేరగాడొకడు బైకు మీద ఊట్లగూడెం వచ్చాడు. లుంగీ, చెవిలో బీడీ, భుజాన కొక్కెం కాటా. చెవిలోని బీడీలో మైకు, స్పీకరు ఉన్నాయి. దాని లైను నాగలక్ష్మి దాకా తెరిచే ఉంది. కాటాలో జామర్ ఉంది. కొక్కెం కిందికి లాగితే ముప్పై గజాల్లో ఏ సిగ్నలూ పనిచేయదు. కాకపోతే బ్యాటరీ తొంభై సెకన్లే. చిన్న యంత్రం, ఇంకెంత మోస్తుంది?

చెట్టుకింద జీపు. లోపల లాప్‌టాప్. పక్కన పొడుగాటి లెన్సు కెమెరాతో వోల్కర్. అతని పక్కన ఒక అమ్మాయి ఉంది. నల్లకళ్ళద్దాలు, తామరరంగు పట్టుచీర, ఎత్తుమడమల చెప్పులు. బ్లూహెరాన్ డైరెక్టర్ జ్యోత్స్న. ఆ అడవిలో ఆమె కట్టూబొట్టూ చూసి పువ్వు ఏరే ఆడవాళ్ళు గంపలు దించి మరీ నిలబడ్డారు.

రూప్‌సింగ్ ఆమె వైపు తిరిగి, "చెప్పులెక్కడ విడిచారు మేడం? ముళ్ళుంటయ్ ఈడ," అన్నాడు.

"కాళ్ళకే ఉన్నాయి. కనబడట్లేదా?" అంది జ్యోత్స్న చిరాగ్గా.

మాట కలవలేదు. పైగా వోల్కర్ నెమ్మదిగా నవ్వాడు. ఆ కోడ్ మాట అతను నిన్నే పవన్ దగ్గర చాటుగా విని ఉన్నాడు.

"మిత్రమా, నీకొక ఫొటో తీస్తాను," అన్నాడు, కెమెరా రూప్‌సింగ్ గుండెకు గురిపెడుతూ. "తొందరేం లేదు. పదకొండు కానీ."

లెన్సు మధ్యలో అద్దం లేదు. తుపాకీ గొట్టం ఉంది. టైము పది నలభై ఆరు.

భీమక్కకు ఇవేవీ పట్టలేదు. చీపురు పట్టుకుని నేరుగా ఆ ఇద్దరి మధ్యకు వచ్చేసింది.

"ఫొటోలు తరువాత! ముందుగల జీపు తియ్యి!"

"అమ్మా, చెట్టు మీద నీ పేరు లేదుగా?" అన్నాడు వోల్కర్. "కంచె లేదు, బోర్డు లేదు. ఖాళీ స్థలం. శుభ్రంగా ఉంటే పెట్టాను."

"శుభ్రంగ ఎందుకున్నది మరి? నీ అయ్య వచ్చి ఊడ్చిండా?" భీమక్క చీపురు నేలకేసి కొట్టింది. "అడవిల ఎవ్వలన్న జాగ ఊడ్చిండ్రంటే తెల్లారి ఆడ ఏరుతరని. పేరెందుకు, బోర్డెందుకు? ఎవ్వలు యాడ చెయ్యి పెడుతరో తెలువాలంటే ఊడ్చిన జాగ చూస్తే సరిపాయె!"

రూప్‌సింగ్ బుర్రలో ఏదో టప్పున వెలిగింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, యజమానితో మాట్లాడుతున్నట్టు గట్టిగా అన్నాడు: "సేటూ, విన్నవా పెద్దమ్మ మాట? ఊడ్చిన గూడు ఏదో చూసి చెప్పు, జల్దీ!"

ఖమ్మంలో నాగలక్ష్మికి విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ చెట్టు కింద పెరిగిన పిల్ల ఆమె. ఏ గూట్లో అయినా ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఏది చెడింది అని మెషీన్ తనంతట తానే చిట్టా రాసుకుంటూ పోతుంది. లాగ్‌లు అంటారు. రోజంతా రాలిన ఆకులంత చెత్త ఉంటుంది అందులో. ఆమె ఒక్కో గూడూ తెరిచింది. అంబులెన్స్‌లో చెత్త. రక్తనిధిలో చెత్త. బస్సుల్లో, పంపుల్లో, మిర్చిలో చెత్తే చెత్త.

ఆరోది తెరిచి ఆగిపోయింది. నిన్న సాయంత్రం నుంచి ఒక్క గీత కూడా లేదు. అద్దంలా తుడిచి ఉంది. చొరబడ్డవాళ్ళు తమ జాడ ఊడ్చేశారు.

"సార్," అంది ఆమె గొంతు రూప్‌సింగ్ చెవిలో. "గని. గ్యాస్ మీటర్ మంచిగున్నదని అబద్ధం చెప్తూ గాలి ఫ్యాన్లు ఆపుతరు. మీదికి పిలుద్దమన్న గంట పడతది. గోడ కడుతున్న. పన్నెండు నిమిషాలు."

టైము పది నలభై ఎనిమిది. పన్నెండు నిమిషాలంటే సరిగ్గా పదకొండు. పైగా గోడ లేవగానే వోల్కర్ లాప్‌టాప్ మీద కనబడుతుంది. ఇంటి డబ్బా నుంచి కాజేసిన అదే అడ్మిన్ తాళం అతని దగ్గరా ఉంది. ఒక్క మీట నొక్కితే గోడ కూలిపోతుంది. ఆ తాళం ముందే రద్దు చేస్తే పసిగట్టి దాడి అప్పుడే మొదలెడతాడు.

రూప్‌సింగ్ భీమక్కతో బేరం మొదలుపెట్టాడు. తడిపువ్వంటాడు, మట్టి ఉందంటాడు, గంపలో చెయ్యి పెట్టి తిరగేస్తాడు. భీమక్క తిట్టని తిట్టు లేదు. కెమెరా అతని గుండె మీద నుంచి కదలలేదు. పది యాభై నాలుగు. యాభై ఏడు. జ్యోత్స్న తాపీగా పెదవులకు రంగు వేసుకుంటోంది. పది యాభై తొమ్మిది.

"అయిపాయె సార్, ఎక్కిస్తున్న!" అంది నాగలక్ష్మి.

లాప్‌టాప్ కీచుమంది. వోల్కర్ తల తిప్పి చూసి, మీట మీదికి చెయ్యి చాచాడు.

"తూచు పెద్దమ్మా!" అంటూ రూప్‌సింగ్ కొక్కెం లాగాడు.

తెర బిగుసుకుపోయింది. వోల్కర్ మీట నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. చెవిలో నాగలక్ష్మి గొంతు కూడా పోయింది. గోడ నిలిచిందో లేదో ఇప్పుడు అడవిలో ఎవరికీ తెలియదు. తొంభై సెకన్లలో ఆమె ఇంటి డబ్బా తాళం రద్దు చేయాలి. చేయలేకపోతే వోల్కర్ గోడ కూల్చేస్తాడు. కిందనున్న నూట నలభై మందికి గాలి ఆగిపోతుంది.

వోల్కర్‌కు అర్థమైంది. కెమెరా ఎత్తి మీట నొక్కాడు.

టిక్.

మళ్ళీ టిక్. అంతే.

జ్యోత్స్న లిప్‌స్టిక్ మూత తీసి అరచేతిలోకి వంచింది. మూడు తూటాలు దొర్లాయి.

"టోకెన్ పోయింది," అంది రూప్‌సింగ్‌తో. "ఇందాక అనడానికి వీల్లేకపోయింది. ఆ మాట వీడికి తెలుసు."

వోల్కర్ పరుగందుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో చక్రాల కింద నలిగిన ఇప్పపువ్వు మీద కాలు జారి వెల్లకిలా పడ్డాడు. లేవబోతే మొహం మీద చీపురు.

"కదిలినవంటే చూడు!" అంది భీమక్క.

డెబ్భై సెకన్లు. ఎనభై. రూప్‌సింగ్ సంకెళ్ళు వేస్తూనే లాప్‌టాప్ వంక చూస్తున్నాడు. కాటాలో ఎర్రలైటు ఆరిపోయింది. సిగ్నల్ వచ్చింది. తెర మీద ఒకే ఒక్క మాట మెరిసింది: ప్రవేశం లేదు.

"సార్!" నాగలక్ష్మి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "గోడ నిలబడ్డది. పదకొండు కొట్టంగ ఏడు వందల సార్లు తలుపు తట్టిండ్రు, ఒక్కటి గూడ లోపలికి పోలే. ఫ్యాన్లు తిరుగుతున్నయ్."

"ఏమంటుంది మా బిడ్డ?" అంది భీమక్క, బీడీలోంచి కూతురి గొంతు గుర్తుపట్టి, చీపురు తీయకుండానే. "ఏడుస్తుందేంది?"

"నీ కొడుకు షిఫ్ట్ దిగి అన్నానికొస్తడట పెద్దమ్మా."

"రోజు ఒచ్చేదే గద! గందుకు ఏడుపెందుకు?" అంది భీమక్క.

* * *

సాయంత్రానికి నాగలక్ష్మి ఆరు గూళ్ళకూ గోడలు కట్టేసింది. ఏడో గూడు దాచిన కాపీలతో సహా ఖాళీ అయింది. వీరబాబు ఇంటికొచ్చి, అక్క ఫోన్‌లో అన్నిసార్లు ఎందుకు పలకరిస్తోందో తెలియక విసుక్కున్నాడు.

కూసుమంచి నుంచి బసవపున్నయ్య ఫోన్ చేశాడు.

"వోల్కర్ చేరాడయ్యా, జ్యోత్స్న కూడా వచ్చింది. జీపేది? సాక్ష్యం కదా, క్రేను పంపి నాలుగు గంటలైంది."

"క్రేను వచ్చింది సార్. రోడ్డు మీద నిలబడి ఉంది," అన్నాడు రూప్‌సింగ్. "మన శాఖకైనా రేపు పొద్దున్న పువ్వు ఏరడమయ్యాకనే దక్కుతుంది సార్. పెద్దమ్మ జీపు టాపు ఊడ్చి పెట్టుకుంది."