గ్రూపు ఫోల్డరులో అమ్మ ఫొటో

పొద్దున్నే అఫ్రకోమా పెరట్లో కూచుని, మొక్కజొన్న డొప్పల్లో పిండిముద్దలు చుడుతోంది. ఎండెక్కేలోపు ఆ కెంకే ముద్దలు ఉడికించి కుమాసి పట్నం మార్కెట్టుకి చేర్చాలి.

“ఆ ఫోను వదలవే పిల్లా! పొయ్యి రాజేయమని ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నా.”

“ఒక్క నిమిషమమ్మా, మా గ్రూపు పని.”

ఇంట్లో ఫొటోలు తీసే ఫోను అదొక్కటే, తల్లీకూతుళ్ళిద్దరికీ కలిపి. ఇంజనీరింగు చదివే కూతురు సెర్వా మరో ముగ్గురితో కలిసి మార్కెట్టు మురుగుకాలువల మీద ప్రాజెక్టు చేస్తోంది. వాట్సాప్‌లో పంపితే ఫొటోలు మసకబారుతున్నాయనీ, పెన్‌డ్రైవుకి వైరస్ పట్టిందనీ నలుగురూ కీచులాడుకుని, చివరికి సెర్వా మాటే నెగ్గించారు. నెట్‌లో ఒకే ఫోల్డరు, నలుగురూ చూడొచ్చు. మర్చిపోతానేమోనని, ఫోనులో తీసిన ప్రతి ఫొటో దానంతటదే అందులోకి పోయేలా పెట్టిందామె. అతితెలివి కాకపోతే ఏమిటి! అది అమ్మ ఫోను కూడానన్న సంగతే మరిచింది.

ఇంతలో గ్రూపులోని పొకువా రొప్పుకుంటూ వచ్చింది.

“సెర్వా, ఫోల్డరులో మీ అమ్మ ఫొటో ఒకటుంది. అబ్బాయిలు కూడా చూసేశారే.”

సెర్వా తెరిచి చూసింది. అమ్మ రొమ్ము. దాని మీద పచ్చిపుండు. పొకువా తలొంచుకుని వెళ్ళిపోయింది.

ఆ మాటలు విన్న అఫ్రకోమా చేతిలోంచి ముద్ద జారిపోయింది.

“నా ఒళ్ళు మగపిల్లలకి చూపించావా? పసరుమందులావిడకి చూపిద్దామని తీసుకున్నానే! ఛీ, రేపు వాళ్ళొచ్చి కెంకే పెట్టమంటే ఏ మొహంతో పెట్టను?”

“వాళ్ళందరికీ తెలిసింది, నాకు తప్ప! ఒకే మంచం మీద పడుకుంటున్నాం కదమ్మా. ఎన్నాళ్ళనుంచి ఇది?”

“నువ్వు కాలేజీలో చేరినప్పట్నుంచి.”

“నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెబితే పుస్తకాలు అవతల పారేసి నా పక్కన కూచుంటావు. నాకు తెలీదూ నీ సంగతి?”

సెర్వాకి గుండె తరుక్కుపోయింది. అమ్మ పరువు తీసింది తనే. కానీ ఈ తప్పు చెయ్యకపోతే అమ్మ ఎప్పటికీ చెప్పేది కాదు. ఏడుస్తూనే ఆ ఫొటోని గ్రూపు ఫోల్డరులోంచి తీసేసింది.

“లేమ్మా, ఆసుపత్రికి పోదాం.”

“ఇవాళ సరుకంతా పాడైపోతుందే. రేపు చూద్దాంలే.”

“మీ అమ్మ పేరు పెట్టావు నాకు. మన అసాంతే జనంలో అమ్మమ్మ పేరున్న పిల్ల మాట ఆ పెద్దావిడ మాటేనని నువ్వే కదా అంటావు? ఆ పెద్దావిడే చెబుతోందనుకో. లే!”

అఫ్రకోమా లేచింది. చేతులు కడుక్కుని, పైగుడ్డ కప్పుకుని, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అమ్మా,” అంది కూతురితో, కన్నతల్లిని పిలిచినట్టే, “నాకు భయమేస్తోందే.”