జానెడు పొట్టి తాళ్లు

తన గాలిపటం వెనక తాళ్లు రెండూ జానెడు పొట్టిగా ఉన్నాయని తరళ కనిపెట్టేసరికి తీరం కనుమరుగైంది, పటం కూలి సముద్రంలో పడింది.

కపిలతీర రాజ్యంలో బావులన్నీ ఉప్పుకశమై నెల దాటింది. అది సుడిరక్కసుడి శాపం. నడిసముద్రపు దీవిలో ఉన్న ముని ఇచ్చే నీళ్లు బావికొక చుక్క పోస్తే శాపం తీరుతుంది. కానీ వెళ్లిన పడవనల్లా రక్కసుడు మింగేశాడు. ఇక మిగిలింది గాలిపటం లాగుతుంటే పలకపై నిలబడి అలల మీద జారిపోయే విద్య ఒక్కటే. ఆ విద్య తెలిసిన తరళ బయలుదేరింది. ఇంట్లో ఆమె చెల్లెలు దాహంతో కళ్లు తెరవలేకపోతోంది.

గాలి జోరుగా ఉన్నంతసేపు లోపం తెలియలేదు. గాలి తగ్గగానే వెనక తాళ్లు బిగుసుకుని పటాన్ని వెనక్కి ఒరగదీశాయి.

నీళ్లు గిర్రున తిరిగాయి. రక్కసుడు తల పైకెత్తాడు.

"ఏమే పిల్లా, తాడు కట్టుకోవడం రాదు గానీ సముద్రం దాటుతావా?"

"పడిపోయినదాన్ని మింగితే నీకేం గొప్ప మామా? పటం లేచాక పట్టుకో చూద్దాం!"

"సరే, కట్టుకో. ఆకలి ఇంకాస్త పెరుగుతుందిలే!"

పొడవు సర్దుకోవడానికి తాళ్ల చివర వరసగా ముడులున్నాయి. తరళ వెనక తాళ్లను రెండేసి ముడులు వదులు చేసింది. పటం లేచింది కానీ, తాళ్లు కట్టిన పట్టుకర్రను ఎటు తిప్పినా మాట వినలేదు. ఆమె కంగారుపడలేదు. పటాన్ని మళ్లీ దించి, ఒక్కో ముడి బిగించింది. ఈసారి పటం వేలితో తిప్పినంత తేలిగ్గా తిరిగింది.

రక్కసుడు మీదికి దూకాడు. తరళ కర్రను రొమ్ముకు లాక్కుంది. పటం ఆమెను సుడిగుండం మీదుగా ఎత్తి అవతల దింపింది.

దీవిలో ముని సొరకాయ బుర్రలో నీళ్లు నింపి ఇచ్చి, తాళ్లను పరీక్షగా చూశాడు.

"ఇది తొందరలో జరిగిన పొరపాటు కాదమ్మా. రెండూ ఒకే కొలతకు కోశారు."

ఆ తాళ్లు కట్టింది ఆమె గురువు కేశనాచారి.

తరళ అలాగే సుడిగుండం దాటి తిరిగొచ్చి, బావికొక చుక్క పోసింది. బావుల నీళ్లు తియ్యనయ్యాయి, చెల్లెలు లేచి కూర్చుంది. రాజు ఆమెను తీరానికి అధిపతిని చేస్తానన్నాడు. ఆమె మాత్రం ముందు గురువు పాకకు వెళ్లి, తాళ్లు ఆయన ముందుంచింది.

"ఎందుకు, గురువుగారూ?"

కేశనాచారి తాళ్లను చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే కోశాను తల్లీ. నీకంటే ముందు నా కొడుకు వెళ్లాడు. ఎవరికీ తెలియకుండా వాడి పటానికి తాళ్లు కట్టి పంపింది నేనే. వెంట్రుకవాసి తేడా లేకుండా కట్టాను. వాడు రాలేదు. నీ పటం ఒడ్డునే కూలుతుంది, తడిసి, నన్ను తిట్టుకుంటూ ఇంటికొస్తావనుకున్నాను. ఆ గాలికి అంత దూరం పోతావనుకోలేదు. రాజ్యం ఎండిపోయినా సరే, నువ్వు మిగిలితే చాలనుకున్నాను. నీ చెల్లెలు గుర్తు రాలేదు నాకు. పద, రాజుగారికి నేనే చెబుతాను."