కొసరు కాటా

2081 నాటికి విజయనగరం రైతుబజారులో బేరమాడే ఓపిక ఎవరికీ మిగల్లేదు కానీ, కొసరు మీద ఆశ మాత్రం చావలేదు. ఆ ఆశనే ఆసరా చేసుకుని డాక్టర్ హైమవతి కొసరు కాటాను తయారుచేసింది. కొనేవాళ్లు కాటా ముందున్న పలక మీద అరచెయ్యి ఆనిస్తారు. పలకలోని స్పర్శగ్రాహకం, అంటే సెన్సర్, ఆ మనిషి తిండికి ఎంత కటకటలాడుతున్నాడో పసిగడుతుంది. దాన్నిబట్టి పైనున్న డబ్బాలోంచి కొసరు నేరుగా సంచిలోకి జారుతుంది. ఖర్చు ప్రభుత్వానిది. రేషన్ కార్డు చూపించక్కర్లేదు, వేరే వరసలో నిలబడక్కర్లేదు. సంచిలో కొన్నదెంతో కొసరెంతో పక్కవాడికి తెలియదు.

చిన్నప్పుడు తల్లి పోలమ్మ కొంగు పట్టుకుని కార్డుల వరసలో నిలబడితే, బడిపిల్లలు చూసి నవ్వారు. ఆ సిగ్గు ఇంకెవరికీ వద్దనే హైమవతి ఇరవయ్యేళ్లు ఈ యంత్రంతో కుస్తీ పట్టింది.

ప్రారంభం నాడు ఆమె కలెక్టరుతో కలిసి బెండకాయల కొట్టు దగ్గర నిలబడింది. బక్కచిక్కిన ముసలామె ఒకతె పలక మీద చెయ్యి పెట్టింది. కొన్న పావుకిలో తప్ప ఒక్క కాయ కూడా జారలేదు.

"ఇదేటమ్మా, నాకేటీ పెట్టదా? నిన్నట్నుంచీ గంజినీళ్ల మీదే ఉన్నాను," అంటూ ఆమె హైమవతిని కళ్లు చికిలించి చూసింది. "నువ్వు పోలమ్మ కూతురివి కాదేటి? మా వీధి హైమవి?"

సూరీడమ్మ. తల్లి పనికి పోయిన రోజుల్లో పిలిచి అన్నం పెట్టిన మనిషి.

పక్కన కలెక్టరు వింటున్నాడు. "మీరు ఇంకెవరో అనుకుంటున్నారు," అంది హైమవతి. అన్న మరుక్షణమే ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"అలాగా తల్లీ. కళ్లు ఆనడం లేదులే," అంది సూరీడమ్మ.

ఆమె మొహం చూడలేక హైమవతి కాటా వైపు తిరిగింది. "ఈవిడకి కొసరెందుకు ఇవ్వలేదు?"

"ఈమెలో లేమి గుర్తులు లేవు," అంది కాటా. "కార్డుల వరసలో నిలబడ్డ రెండువేలమంది అరచేతులు చూపించి, లేమి అంటే ఇదేనని మీరే నేర్పారు. వాళ్లందరిలో నాకు దొరికినవి చెమట, నాడి దడ, ముడుచుకున్న వేళ్లు. ఈమె చెయ్యి స్థిమితంగా ఉంది."

హైమవతికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆకలి అనుకుని తాను కొలిచింది సిగ్గుని. ఆకలేస్తోందని నలుగురిలో చెప్పగలిగిన మనిషికి ఈ కాటా గుప్పెడు బెండకాయలైనా పెట్టదు.

"పలక పాడైందేమో. మీరోసారి చెయ్యి పెట్టి చూడండి, డాక్టర్ గారూ," అన్నాడు కలెక్టరు.

పెట్టక తప్పలేదు. డబ్బా మూత తెరుచుకుంది. చేతిలో సంచి లేదు. బెండకాయలు కాళ్ల మీద పడుతున్నాయి, పడుతూనే ఉన్నాయి. బజారంతా ఇటే చూస్తోంది. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది హైమవతికి.

సూరీడమ్మ వంగి, కాయలన్నీ తన సంచిలోకి ఏరి, ఆ సంచిని ఆమె చేతికిచ్చింది.

"పట్టుకో తల్లీ. మీ యమ్మ కూడా ఇలాగే తల దించుకునీది."