గేటు పడిన ఆకాశం

ట్రింగ్! ట్రింగ్! ట్రింగ్!

వెనక సైకిల్ బెల్లు!

తవిటయ్య వెనక్కి చూడడు. ఎగిరే చాప అంచుని రెండు చేతులా బిగించి, ఖరిదా పేట పెంకుటిళ్ల మీదుగా దూసుకుపోతాడు.

ఇంకా చీకటి పడలేదు!

వెలుతురు ఉండగా చాప ఎగరెయ్యడం నేరం. దొరికితే ఆరు నెలల జైలు. కింద బజారులోని మామూలు జనానికి అది ఏదో గద్దలా కనిపిస్తుంది. అయినా, నేరం నేరమే.

"ఆగు మావా! బెల్లు కొట్టినాను! మూడుసార్లు కొట్టినాను!"

సుందర్ రాజు. మాంత్రికుల సభ నియమించిన గాలిదారుల కాపలాదారు. గాల్లో సైకిల్ తొక్కుతున్నాడు. మూడుసార్లు బెల్లు కొట్టనిదే ఎవరినీ ముట్టుకోకూడదు. అది కాపలాదార్ల చట్టం.

"కొట్టుకో నాయనా! సెయ్యి నొప్పెట్టేదాకా కొట్టుకో!"

పడమట సూర్యుడు... ఇంకా జానెడు ఎత్తు.

అది మునిగేలోగా సాలువా చేరాలి. సాలువా అవతల సాలచెట్ల తోపులో, సూర్యుడు మునిగిన క్షణాన, తమ్ముడు నూకయ్యని కాల్చేస్తారు. సాలువా పోలీసు క్యాంపు పక్కన తుపాకీ చప్పుడు ఎవరికీ వింత కాదు. సభ ఆ చోటుని ఎంచుకున్నది అందుకే.

నూకయ్య మీది నేరం, పట్టాలు సరిచూసే గ్యాంగ్‌మన్ ఎర్రయ్య చాపని గాల్లో గుద్ది, అతన్ని పట్టాల మీద పడేసి చంపడం.

అక్కడ దొరికిన చాప నూకయ్యదే. అంచున అతని పేరు అల్లి ఉంది.

కానీ ఆ రాత్రి దాని మీద కూర్చున్నది తవిటయ్య!

తొమ్మిది రోజులు. తమ్ముడు నోరు విప్పలేదు. తనూ విప్పలేదు. తమ్ముడి మౌనానికి పేరు ప్రేమ. మరి తన మౌనానికి? తొమ్మిది రోజులుగా దానికి ఎన్నో గౌరవమైన పేర్లు పెట్టి చూసుకున్నాడు. ఇవాళ రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగుతుంటే ఒక్క పేరే మిగిలింది.

భయం.

పట్టాలు!

గేటు పడుతోంది!

ఎర్ర సిగ్నల్!

చాప గాల్లోనే గక్కున ఆగుతుంది. గేటు పడితే నేలకే కాదు, ఆకాశానికీ పడినట్టే. ఎంత ఎత్తున ఉన్నా పట్టాలు దాటకూడదు.

సుందర్ రాజు పక్కనే బ్రేకు వేస్తాడు. ఒగరుస్తున్నాడు. పడిన గేటు దగ్గర అరెస్టు కుదరదు. అదీ చట్టమే.

కింద గూడ్సు బండి. బద్ధకంగా... ఒక్కో వ్యాగనూ...

"ఏటి మావా ఇది? రిటైరయ్యే వయసులో ఈ పరుగేటి?"

"తమ్ముడి కోసం."

"ఆడు మనిషిని సంపినాడు."

"ఆడు కాదు. నాను."

సుందర్ రాజు కాలు పెడల్ మీంచి జారుతుంది.

"సభకి సెప్పాలి. సెప్పినాక నన్ను కట్టేసుకో, కాల్చేసుకో... నీ ఇష్టం."

సుందర్ రాజు సూర్యుడి వంక చూస్తాడు. బండి వంక చూస్తాడు. ఆ బండికి తోక కనపడదు.

"దాటీ మావా! నాను కళ్లు మూసుకుంటాను. దాటీ!"

చాప ముందుకు వంగుతుంది...

మళ్లీ ఆగిపోతుంది!

"దాటితే నా మాట సెల్లదురా!"

ఎర్ర సిగ్నల్ దాటినవాడి మాట ఇక బతికినన్నాళ్లూ సభలో చెల్లదు. తొలినాటి రైల్వే పెద్దలు పెట్టిన చట్టం. ఎర్ర సిగ్నల్ దాటిన ప్రతివాడూ పచ్చగానే ఉందని అంటాడట. అందుకని అడగడమే మానేశారు.

"ఆడికియ్యడానికి నా కాడ ఉన్నది ఈ మాటొక్కటే సుందర్రాజూ. దీన్ని పాడు సేసుకోలేను."

వ్యాగన్... వ్యాగన్... వ్యాగన్...

సూర్యుడు బెత్తెడు.

చివరి పెట్టె, బ్రేక్ వ్యాన్! గేటు లేచింది!

"ఎల్లు మావా! ఎనకే వస్తాను!"

పొలాలు... క్యాంపు... తోపు!

చెట్టుకి కట్టేసిన నూకయ్య! గురిపెట్టిన తుపాకీ!

"ఆగండి!"

చాప నేలని ఈడ్చుకుంటూ ఆగుతుంది. తవిటయ్య మోకాళ్లు చెక్కుకుపోతాయి.

సభ పెద్ద అప్పలనర్సమ్మ చెయ్యెత్తుతుంది. పొద్దున్నే న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో ఇడ్లీలు అమ్మే మనిషి. తోపులో మాత్రం ఆమె చెయ్యి లేస్తే తుపాకీ దిగాల్సిందే.

తుపాకీ దిగింది!

"ఏటి తవిటీ? బేగి సెప్పు."

"ఎర్రయ్యని సంపింది నానత్తా! ఈడి సాప అడక్కుండా తీసుకెల్లినాను. ఈడికేటీ తెలీదు!"

"ఎలాగ జరిగింది? దాసకుండా సెప్పు."

దాచడమా? తొమ్మిది రోజుల బరువు గొంతులోంచి దానంతటదే జారిపోతోంది. నిజం చెప్పడం ఇంత తేలికా!

"నైట్ డ్యూటీకి లేటయిపోనాది. సిగ్నల్ ఎర్రగా ఉంది. దాటీసినాను. ఎర్రయ్య ఎదురొచ్చినాడు..."

రాసుకుంటున్న సభ గుమాస్తా కలం ఆగిపోతుంది.



అప్పలనర్సమ్మ కళ్లు మూసుకుంటుంది. "ఎర్ర సిగ్నల్ దాటినావా?"

"దాటినా..."

మాట సగంలో తెగుతుంది.

ఇప్పుడు అర్థమవుతుంది. కళ్ల ముందున్న సిగ్నల్‌కి భయపడ్డాడు. ఎప్పుడో దాటేసిన సిగ్నల్ గుర్తుకే రాలేదు. గేటు దగ్గర అంత పదిలంగా కాపాడుకున్న మాట తొమ్మిది రాత్రుల కిందటే చచ్చిపోయింది. ఇంత దూరం దాని శవాన్ని మోసుకొచ్చాడు!

"నువ్వు సెప్పింది నిజమైతే నీ మాట సెల్లదు. అబద్ధమైతే నాకక్కర్లేదు." ఆమె ఎత్తిన చెయ్యి దించేస్తుంది. "నాను నమ్మినానురా తవిటీ. నా నమ్మకం సట్టం కాదు."

"సుందర్రాజూ! నువ్వు సెప్పు! గేటు కాడ ఇన్నావు కదా!"

సుందర్ రాజు తల దించుకుంటాడు.

"ఇన్నాను మావా... నీ నోటంటే ఇన్నాను. అదీ నీ మాటే కదా."

సూర్యుడు లేడు.

తుపాకీ లేస్తోంది!

తవిటయ్య చెట్టు వైపు పరుగెత్తబోతాడు. ఇద్దరు కాపలాదార్లు అతన్ని నేలకి అదిమేస్తారు.

తొమ్మిది రోజుల తర్వాత నూకయ్య మొదటిసారి నోరు విప్పుతాడు.

"అన్నయ్యా... ఇంటికెల్లిపో."

"నూకా!"

"సీకటడిపోతంది. సిగ్నల్ సూసుకుని ఎల్లు."

ఢాం!