నొప్పి లేని తేలు

ఉట్నూరు దాటి అడవిలోకి చాలా దూరం వెళ్తే గంగుబాయి అనే ముసలామె ఇల్లు. 1961 వానాకాలంలో కరీంనగర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే కైలాసం, అతని భార్య నర్మద ఆ ఇంట్లో దిగారు. కైలాసానికి పురుగూ పుట్రా అంటే పిచ్చి. అతన్ని ఒంటరిగా అడవికి పంపలేక నర్మద వెంట వచ్చింది.

మధ్యాహ్నానికి ముసురు కాస్త తెరిపిచ్చింది. టేకు చెట్ల కింద ఆకు మోకాలి లోతున కుళ్లి, తడి మట్టి వాసనతో పాటు ఏదో తీపి వాసన వేస్తోంది. కైలాసం పుల్లతో ఆకు పొరలు తిప్పుతున్నాడు. అక్కడ కనిపించింది. గోరంత తేలు. ఎండుటాకు రంగు. కళ్లు లేవు.

"నర్మదా, గిటు చూడు! దీన్ని ఇంతవరకు ఎవ్వరు చూడలే. ఏ పుస్తకంల లేదు!"

ఆ సంబరంలో చెయ్యి చాపాడు. కొండి బొటనవేలిలో దిగింది. నర్మద కెవ్వుమంది. అతను మాత్రం నవ్వాడు.

"నొప్పే లేదు."

ఇంటికొచ్చాక, పొయ్యి మీద మరుగుతున్న గిన్నెను వట్టి చేతులతో దించాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. అతని ముఖంలో ఏ మార్పూ లేదు.

గంగుబాయి ఆ చేతులు చూసి వెనక్కి జరిగింది.

"నా కొడుకు మొండయ్య గూడ తేలు కుట్టినంక గట్లనే అన్నడు బిడ్డా, నొప్పి లేదని. కాళ్లు పట్టుకొని ఏడ్సినా ఉత్తగనే చూసిండు. ఆకులల్లకు పోయిండు. మళ్ల రాలే."

"మీరు ఎతకలేదా?" అంది నర్మద.

"దొరికిండు." ముసలామె గొంతు తగ్గింది. "లేవలే."

పొద్దుగూకే వేళకు కైలాసం పడుకున్న మంచం ఖాళీగా ఉంది.

నర్మద కందీలు దీపం పట్టుకుని టేకు చెట్ల కిందికి పరుగెత్తింది. వాన ఆగింది. కప్పల అరుపు లేదు. ఆకుల మీద నీటి చుక్కల చప్పుడొక్కటే. అతను నడుము దాకా ఆకులో కూరుకుని కూర్చున్నాడు. పక్కనే మనిషంత ఆకు కుప్ప.

గాలి లేదు. అయినా ఆ కుప్ప మెల్లగా ఉబ్బుతోంది... తగ్గుతోంది... మళ్లీ ఉబ్బుతోంది...

"లేవుండ్రి," గుసగుసగా అంది.

"జర ఆగు. ఈడ మంచిగుంది."

రెక్క పట్టి లాగింది. అడ్డు చెప్పకుండా లేచి వెంట నడిచాడు. వెనక ఆకులు కదిలిన చప్పుడైంది. ఎవరో లేచి నిలబడినట్టు... నర్మద తిరిగి చూడలేదు.

ఇంట్లోకొచ్చి గడియ వేసింది. అతన్ని పట్టుకుని ఏడ్చింది.

"నేనెవరో చెప్పుండ్రి."

"నర్మద," అన్నాడు, గోడ మీద రాసింది చదివినట్టు.

ఆమె కళ్లు తుడుచుకుంది. అతని తడి చొక్కా విప్పి, కందీలు దగ్గరికి జరిపింది.

వీపు నిండా తెల్లటి తేలు పిల్లలు. తల్లి తేలు వీపు మీద సర్దుకున్నట్టు, ఒకదాన్నొకటి ఆనుకుని, తోకలు ముడుచుకుని ఉన్నాయి. నర్మద చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మెల్లగ, నర్మదా..." తేలు కుట్టిన తర్వాత మొదటిసారి అతని గొంతులో ప్రేమ పలికింది. "ఇప్పుడే నిద్రపోయినయ్."