గ్రీజు రాసిన తెడ్డు

"ఎవరయ్యా దీనికి గ్రీజు రాసింది?"

ఉజ్వల వస్తూనే అరిచిన అరుపుకి సుమన్ చేతిలోని రాగి తీగ చుట్ట జారి కాలిమీద పడింది. మాచర్ల స్టేషన్ రోడ్డులో అతనిది మోటార్ వైండింగ్ షాపు. ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టు ఆ అమ్మాయి వాళ్ళ నాన్న బ్రహ్మయ్యది. రెండేళ్ళుగా రోడ్డుకి అటూ ఇటూ చూపులైతే బాగానే తిరుగుతున్నాయి గానీ, మాటలు మాత్రం "కరెంటుందా అండీ", "నాన్నగారు భోంచేశారా అండీ" దగ్గరే చచ్చుబడి ఉన్నాయి. ఇవాళ అవి కాస్తా లేచి కూర్చున్నాయి. అదీ తిట్లతో!

"నేనేనండీ," అన్నాడు సుమన్. కాదనడానికి కూడా లేదు, గ్రీజు డబ్బా మూత తీసి పక్కనే ఉంది.

"ఎందుకు?"

"తుప్పు పట్టుద్దేమోనని."

"కార్బన్ పైపుకి తుప్పేందయ్యా? నీ తలకాయ!"

ఉజ్వల చేతిలో ఉన్నది కయాక్ తెడ్డు. నాగార్జునసాగర్ నీళ్ళలో పడవ నడపడానికి ఏడాదిగా ఆ అమ్మాయి ప్రాణంలా చూసుకుంటున్న తెడ్డు. రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక పైపు రెండోదాంట్లోకి దూరి, చిన్న బటన్ టక్కుమని రంధ్రంలో కూర్చుంటుంది. బస్సెక్కేటప్పుడు విడదీయాలి, నీళ్ళలోకి దిగేటప్పుడు బిగించాలి. పరీక్షలకి నరసరావుపేట వెళ్తూ, తమ కొట్లో యూరియా చెమ్మ ఎక్కువని ఆ ముక్కలు రెండూ సుమన్ షాపులో పెట్టి వెళ్ళింది.

సుమన్ ఊరుకుంటేగా! ఆ పిల్ల వస్తువు తన దగ్గరుందనే సంబరంలో దాన్ని బిగించాడు. మోటారు బేరింగుకి రాసినట్టే జాయింటు నిండా గ్రీజు రాశాడు. వరండాలో మేకుకి వేలాడదీశాడు. పక్క షెడ్డులో పొద్దస్తమానం నాపరాళ్ళు కోస్తారు. ఆ తెల్లటి దుమ్మంతా గ్రీజు తాగింది. తాగి తాగి సందుల్లో సిమెంటులా గడ్డకట్టింది. మన పల్నాడులో దేనికైనా గ్రీజు రాస్తే మేలు చేసినట్టే అనుకుంటాం, ఏం చేస్తాం!

"ఇంకో సంగతి చూడు," అంది ఉజ్వల తెడ్డు ఎత్తి పట్టుకుని. "దీనికి మూడు రంధ్రాలున్నై. నాది కుడిచేతి వాటం. నువ్వు ఎడమచేతి వాళ్ళ రంధ్రంలో బిగించావు. దీంతో తెడ్డేస్తే ఒకవైపు బ్లేడు నీళ్ళలో అడ్డం తిరుగుద్ది. రేపు పొద్దున్నే విజయపురి సౌత్‌లో కయాక్ సెలక్షన్స్!"

సుమన్ గబగబా గ్రీజు డబ్బా మూత పెట్టేశాడు. "అక్కడ వేరే తెడ్డు ఇవ్వరా అండీ?"

"ఇస్తారు. నా చేతికి అలవాటు లేనిది ఇస్తారు. వాటితోనే పోయినేడు ఓడిపోయా."

అంతే, సుమన్ షట్టరు సగం దించేశాడు. ఇవాళ ఇంకో మోటారు ముట్టేది లేదు, ఇది ఊడేదాకా అన్నం కూడా తినేది లేదు అనుకున్నాడు. ముందుగా సుత్తి అందుకున్నాడు.

"దాన్ని ముట్టుకుంటే నీ చెయ్యి విరుగుద్ది," అంది ఉజ్వల.

పైపు పానా తీశాడు.

"అదీ వద్దు. పైపు పగులుద్ది. చేత్తో తిప్పుతూ లాగాలి, అంతే."

ఇద్దరూ చెరో చివర పట్టుకుని లాగారు. తెడ్డు కదల్లేదు గానీ, ఉజ్వల జారుకుంటూ వచ్చి సుమన్ మీద పడబోయి ఆగింది. ఇద్దరూ ఒకేసారి "సారీ" అన్నారు. ఎదురు టీ బంకులోంచి హజ్రా బీ అంతా చూస్తూనే ఉంది.

"ఏందిరా, మిట్టమధ్యాహ్నం తాడు లాగుడు పోటీలా?" అంది నవ్వుతూ.

"ముందు దుమ్ము కరగాలండీ," అన్నాడు సుమన్ ఉజ్వలతో, చెమట తుడుచుకుంటూ. మెడికల్ షాపు నుంచి సిరంజి తెచ్చాడు. బటన్ పక్క సందులోంచి సబ్బునీళ్ళు ఎక్కించాడు. తెడ్డు తలకిందులు చేసి అరచేత్తో తట్టాడు. తెల్లటి బురద చుక్కలు చుక్కలుగా కారింది. మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ తట్టాడు. ఉజ్వల పాత టూత్‌బ్రష్షుతో బటన్ చుట్టూ తోముతూ కూర్చుంది. ఎండ వరండా దాటి లోపలికి వచ్చింది. ఎట్టకేలకు బటన్ లోపలికి దిగింది.

"దిగింది! దిగింది!" ఉజ్వల చప్పట్లు కొట్టింది. కానీ పైపు మాత్రం జరగనంటే జరగనంది.

సుమన్ ఆలోచించాడు. "బేరింగు షాఫ్టుకి ఎక్కకపోతే మేం బేరింగుని వేడి చేస్తామండీ. వేడికి సాగుద్ది. ఇక్కడ కూడా బయట పైపుకి వేడి, లోపలి పైపుకి చల్లదనం పెడితే?"

"పెట్టొచ్చు. కానీ మరిగే నీళ్ళు వద్దు, లోపల గమ్ము పాడవుద్ది. చెయ్యి పెట్టగలిగే వేడి చాలు."

హజ్రా బీ టీ కెటిల్‌తో వేడినీళ్ళిచ్చింది. జ్యూస్ బండి దగ్గర ఐసు దొరికింది. ఉజ్వల వేడినీళ్ళలో ముంచిన గుడ్డ బయట పైపుకి చుట్టింది. సుమన్ లోపలి పైపుకి ఐసు అదిమిపెట్టాడు. వేళ్ళు కొంకర్లు పోతున్నా వదల్లేదు. ఇద్దరి చేతులకీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

"ఒక మాట చెప్పనా," అంది ఉజ్వల తల ఎత్తకుండా. "ఇది ఊడొచ్చి నేను సెలక్టయితే భోపాల్ ట్రైనింగ్ క్యాంపుకి పోవాలి. ఏడాది రాను."

ఐసు ముక్క జారింది. సుమన్ వంగి మళ్ళీ తీసుకున్నాడు.

"తెలుసు."

"తెలిసీ ఇంత కష్టపడుతున్నావా?"

"ఇది ఊడకపోతే నువ్వు ఎదురు కొట్లోనే కూర్చుంటావు. రోజూ కనపడతావు. నాకు చానా ఇష్టం నువ్వు కనపడటం," అన్నాడు సుమన్. ఐసు ఇంకా గట్టిగా అదిమాడు. "కానీ ఓడిపోయి కూర్చున్న నిన్ను, అదీ నావల్ల ఓడిపోయిన నిన్ను, చూడటం నావల్ల కాదు. పట్టుకో. లాగుదాం."

ఉజ్వల తల ఎత్తి అతన్ని చూసింది. మెల్లగా అడిగింది. "ఆ 'అండీ' ఎటు పోయింది?"

"ఐసుతో పాటు కరిగిపోయినట్టుంది."

ఫక్కున నవ్వింది. ఇద్దరూ నేలమీద ఎదురెదురుగా కూర్చుని, పాదాలకి పాదాలు ఆనించి, జాయింటుకి చెరో పక్క గట్టిగా పట్టుకున్నారు.

"నేను కుడికి తిప్పుతా, నువ్వు ఎడమకి. తిప్పుతూ లాగు. ఊఁ!"

కిర్రుమంది. వెంట్రుకవాసి కదిలింది. "ఆపొద్దు, ఆపొద్దు!" అని ఉజ్వల పళ్ళు బిగించింది. సుమన్ భుజాలు ఊడిపోతాయనిపించింది. టప్పున శబ్దం వచ్చి ఇద్దరూ చెరోవైపు వెల్లకిలా పడ్డారు. సుమన్ తల వెళ్ళి మోటారుకి కొట్టుకుంది. చేతిలో సగం తెడ్డు, తలమీద బొప్పి. అంత ఆనందం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కలగలేదు.

సగం దించిన షట్టరు కింద నుంచి వంగి చూస్తున్నాడు బ్రహ్మయ్య.

"వచ్చిందా?"

"వచ్చింది నాన్నా!"

ఆయన కూతుర్ని చూశాడు, బొప్పిని చూశాడు. "పొద్దున్నే కారు తీస్తా. అబ్బాయ్, నువ్వూ రా," అని వెళ్ళిపోయాడు. ఆయన కోప్పడ్డాడో లేదో తెలియక సుమన్ ఆ రాత్రంతా కన్ను మూయలేదు.

పొద్దున సాగర్ మీద గాలి ఎదురుగా కొట్టింది. ఉజ్వల కుడిచేతి రంధ్రంలో బటన్ టక్కుమని కూర్చోబెట్టి నీళ్ళలోకి దిగింది. సగం దూరం దాకా మూడోదే. తర్వాత చూడాలి ఆ పిల్ల పట్టుదల! బ్లేడు నీళ్ళని కోసుకుంటూ ఒక పడవని దాటింది, ఆఖర్న రెండోదాన్నీ దాటింది. గట్టుమీద సుమన్ గొంతు పోయేలా అరిచాడు. పక్కన బ్రహ్మయ్య అంతకన్నా గట్టిగా అరిచాడు.

పేర్లు చదివారు. ఉజ్వల పేరు మొదట ఉంది. తడి బట్టలతోనే వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, క్యాంపుకి పోతున్నా. ఏడాదికి తిరిగొస్తా. వచ్చి ఇతన్ని చేసుకుంటా. ముందే చెప్తున్నా, ఈలోపు సంబంధాలు అవీ ఏం చూడమాక."

బ్రహ్మయ్య సుమన్ వైపు తిరిగాడు.

"మా బజారంతా నన్ను బాబాయ్ అని పిలుస్తది. రెండేళ్ళనుంచి నువ్వొక్కడివే గారూ గారూ అంటావు. మర్యాద తెలిసిన పిల్లాడనుకున్నా. బాబాయ్ అంటే నా కూతురు నీకు చెల్లెలవుద్దని భయమా?"

సుమన్ తల దించుకున్నాడు. "అవునండీ."

"మరింక ఆ గారూ తీసెయ్."

సుమన్ ఉజ్వలని చూశాడు. నీళ్ళు కారుతున్న జడ పిండుకుంటూ, ఏం పిలుస్తాడా అని కళ్ళింతలు చేసుకుని చూస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"అట్టాగే మావయ్యా."